ఇంజను మొదలు ఇరుసు వఱకు



సెకండుహాండు కారు కొనదలచిన గృహస్థుడు మొట్టమొదట చూచునది రంగు. పిదప సీట్లు, పాటల పెట్టె, చక్రముల మెఱపు. అమ్మువాడును ఈ సంగతి యెఱిగినవాడే. కావున రెండు మూడు వేల రూపాయలు వెచ్చించి బండిని కడిగించి, నల్లని భాగములన్నిటికిని నూనె పూయించి, పెండ్లికొడుకు వలె వాకిట నిలుపును. అందు తప్పేమియు లేదు. ఏ సరకునైనను శుభ్రపఱచియే యమ్మవలెను గదా! అయితే బండి వెలలో అధికభాగము ఆ రంగులో లేదు. అది అడుగున, మసిలోను చమురులోను దాగియున్న యంత్రములలో నున్నది. నేటి ప్రసంగమున మేము చెప్పబోవునది ఆ మసి కథయే.

ఎస్‌యూవీ యని వ్యవహరింపబడు బండిని మన ఊళ్లలో "పెద్దబండి" యనియే పిలుచుచున్నారు. ఇంట ముసలివారు, పిల్లలు కలిపి ఏడుగురున్నచో, పండుగకు అత్తవారింటికి పోవలెనన్నను, తిరుపతి కొండకు పోవలెనన్నను, వానకాలమున పొలము గట్టు వఱకు పోవలెనన్నను ఇట్టి బండి మిక్కిలి అనుకూలముగా నుండును. కొత్తది కొనవలెనన్నచో పదునైదు ఇరువది లక్షల మాట. అదే బండి ఏడెనిమిదేండ్లు తిరిగిన పిమ్మట ఆరేడు లక్షలకు వచ్చుచున్నది. మధ్యతరగతి సంసారికి ఇది ఆశపుట్టించు బేరమే. ఇక్కడనే యొక చిక్కు కలదు. బండి వెల సగమునకు తగ్గినది గాని, దాని విడిభాగముల వెల తగ్గలేదు. ఇరువది లక్షల బండికి వేయు గేరుబాక్సు ఎంతయో, ఆరు లక్షలకు కొన్న ఆ బండికే వేయు గేరుబాక్సును అంతయే.

ఇంజనులో పుట్టిన బలము చక్రమును చేరు త్రోవను ఒక్కసారి మనస్సున చిత్రించుకొనుడు. ఇంజను చివర ఫ్లైవీలను బరువైన చక్రము. దానిని పట్టుకొని విడుచుచుండునది క్లచ్చు. దాని వెనుక గేరుబాక్సు. వెనుక చక్రములు లాగు బండియైనచో అచ్చటనుండి పొడవైన ప్రొపెల్లరు షాఫ్టు వెనుకకు పోయి, మన మేస్త్రీలు "క్రౌను" అని పిలుచు పండ్లచక్రమును త్రిప్పును. క్రౌను రెండు ఇరుసులకు బలమును పంచిపెట్టును. ముందు చక్రములు లాగు బండిలో ఈ త్రోవ పొట్టిది. నాలుగు చక్రములును లాగునదైనచో త్రోవ రెండుగా చీలును, భాగములును, వాటితోపాటు ఖర్చులును పెరుగును. ఏ బండి ఏ జాతిదో తెలిసికొనకుండ బేరమాడుట తగదు.

మన అంగడిలోనున్న పాత పెద్దబండ్లలో డీజిలువే హెచ్చు. 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతటను బీఎస్-4 ప్రమాణము, 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6 ప్రమాణము అమలులోనికి వచ్చినవి. బండి ఈ తేదీలకు ఏ ప్రక్కదో తెలిసినచో దాని అడుగున ఏమేమి యంత్రములుండునో సగము తెలిసినట్లే. మఱొక సంగతి. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు నిండిన డీజిలు బండ్లు తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఉత్తర్వు చేసెను. 2018లో సుప్రీంకోర్టు దానిని బలపఱచెను. 2025లో ఆ కట్టుబాటు కొంత సడలింపబడినను, ఈ నడుమ ఎన్నో బండ్లు చౌకగా ఇతర రాష్ట్రములకు తరలిపోయినవి. అవన్నియు చెడ్డవని మేమనము. కాని నగరపు రద్దీలో అడుగడుగునకు ఆగి కదలిన బండికి కిలోమీటర్లు తక్కువ తిరిగినను క్లచ్చు ఎక్కువ అరుగును. పైగా పొరుగు రాష్ట్రపు బండిని ఇచ్చట నమోదు చేయించునప్పుడు జీవితపన్ను మరల చెల్లింపవలసియుండును. చౌకయని తలచిన సొమ్ములో కొంత అందే పోవును.

ఇక ఇంజను. దానిని చల్లగా నున్నప్పుడే చూడవలెను. "రేపు ఉదయము ఏడు గంటలకు వచ్చెదము, మేము వచ్చువఱకు స్టార్టు చేయవలదు" అని అమ్మువానితో ముందుగనే చెప్పుడు. పోయినంతనే బానెట్టుపై అరచేయి మోపి చూడుడు. వెచ్చగా నున్నచో ఆ దినమున తిరిగి వచ్చివేయుట మేలు. వేడెక్కిన ఇంజను తన రోగములలో సగమును దాచుకొనును. చల్లని ఇంజను మొదట త్రిప్పినప్పుడు వచ్చు శబ్దమును, పొగను దాచజాలదు.

పొగ రంగులను గూర్చి అందఱును ఏదో యొకటి చెప్పుదురు. సంగ్రహముగా ఇంతే: నీలిపొగ యైనచో ఇంజను ఆయిలు కాలుచున్నది, రింగులో, టర్బోవో, వాల్వు సీళ్లో అరిగినవి. నల్లపొగ యైనచో గాలి తక్కువై డీజిలు ఎక్కువగుచున్నది. తెల్లపొగ చలికాలపు ఉదయమున కొంతసేపు కనబడి పోయినచో చింతలేదు. వేడెక్కిన తరువాతను ఆగక, కూలెంటు నీరును దినదినము తగ్గుచున్నచో హెడ్డు గ్యాస్కెట్టును అనుమానింపవలెను. ఆయిలు పోయు మూత తీసి లోపలివైపు చూడుడు. పాలు కలిపిన టీ వంటి చిక్కని జిగట కనబడినచో ఆయిలులో నీరు కలిసియుండవచ్చును.

ఆ మూతతోనే చేయదగిన పరీక్ష మఱొకటి కలదు. దీనిని మన షెడ్లలో "బ్యాక్ కంప్రెషను" చూచుట యందురు. ఇంజను నడచుచుండగా మూతను విప్పి, తలక్రిందులుగా ఆ రంధ్రముపైననే ఉంచవలెను. డీజిలు ఇంజనులో మూత కొంచెము అదరుట సహజము. అది ఎగిరిపడి క్రింద రాలునంతగా గాలి తన్నుచున్నచో పిస్టను రింగులను దాటి వాయువు క్రిందికి దిగుచున్నదన్నమాట. అట్టి ఇంజనును దింపి, విప్పి, బోరింగు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చవలసి వచ్చినచో పెద్దబండికి లక్ష రూపాయలకు తక్కువ పట్టదు. కొన్నిటికి రెండు లక్షలు దాటును. హెడ్డు మాత్రమే చెడి, ఫేసింగు చేయించి గ్యాస్కెట్టు మార్చినచో సరిపోవునట్లైన పదునైదు మొదలు నలువది వేలలో ముగియవచ్చును. ఈ రెంటికిని నడుమ భేదమును కలిగించునది సామాన్యముగా ఒక్క దినపు అశ్రద్ధయే. వేడి ముల్లు ఎఱ్ఱగీత చేరినప్పుడు "ఇంకెంత, ఊరు దగ్గఱకు వచ్చితిమి" అని నడిపిన ఆ ఐదు కిలోమీటర్లే!

ఈ పరీక్షలకు లొంగని భాగమొకటి కలదు. అది టైమింగు బెల్టు. కొన్ని ఇంజనులలో క్రింది క్రాంకును, పై వాల్వులను జతపఱచి త్రిప్పునది ఇనుప గొలుసు. మఱికొన్నిటిలో పండ్లుగల రబ్బరు బెల్టు. 2012లో మన దేశమున విక్రయము మొదలైన రెనో డస్టరు 1.5 లీటర్ల డీజిలు ఇంజనులో బెల్టే యున్నది. ఇది దోషము కాదు, నిర్మాణమే అట్టిది. కాని రబ్బరు కిలోమీటర్లతోనే గాక ఏండ్లతోను ముదియును. "మా బండి నలువది వేలే తిరిగినది, బెల్టు మార్చనక్కఱలేదు" అని అమ్మువాడు సంతోషముగా చెప్పును. బండికి పదేండ్లు నిండినవని మీరు జ్ఞాపకముంచుకొనుడు. బెల్టు తెగుటకు ముందు శబ్దమైనను చేయకపోవచ్చును. తెగిన క్షణమున పిస్టన్లు పోయి తెఱచియున్న వాల్వులను మోదును. పది పదునైదు వేలలో పోవలసినది లక్షకు చేరును. మార్చిన బిల్లు చేతికి చూపింపలేనిచో, మార్చలేదనియే లెక్కించి ధరలో తగ్గింపుమనుడు. గొలుసు ఇంజనులకును జీవితము శాశ్వతము కాదు. ఆయిలు వేళకు మార్చనిచో గొలుసు సాగి, ఉదయమున స్టార్టు చేయగనే గలగలమని శబ్దించును. కాని అది చెప్పి చెడును, బెల్టు చెప్పక చెడును.

టర్బో మాట. పొగగొట్టము గుండా పోవు వేడిగాలి బలముతో ఒక చిన్న చక్రము తిరిగి, ఇంజనులోనికి గాలిని దట్టించి పంపును. ఆ చక్రము నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. అంత వేగమున దానిని కాపాడునది కాగితమంత పలుచనైన ఆయిలు పొర మాత్రమే. ఘాటు రోడ్డెక్కి వచ్చి ఆగినంతనే తాళము త్రిప్పి ఇంజను ఆపువారు, ఆయిలు మార్చుటను నెలల తరబడి వాయిదా వేయువారు టర్బోను చంపుచున్నారన్నమాటే. రోగలక్షణములు మూడు: అంబులెన్సు కూతవంటి ఈల, పికప్ తగ్గుట, నీలిపొగ. కొత్త టర్బో బండినిబట్టి ముప్పది వేల నుండి లక్ష వఱకు పోవును. లోపలి భాగము మాత్రము మార్చి బాగుచేయువారు పెద్ద ఊళ్లలో కలరు. అందులో సగముకన్న తక్కువకే కుదురును. అయితే పికప్ తగ్గినంతనే టర్బో పోయినదని ఒప్పుకొనవలదు. టర్బోనుండి గాలిని తీసికొనిపోవు రబ్బరు గొట్టము పగిలినను అచ్చముగా అవే లక్షణములు కలుగును. ఆ గొట్టము వెల కొద్ది వేలే. ముందు గొట్టము, పిదప టర్బో, ఇది క్రమము. ఈ క్రమము తప్పించి బిల్లు వ్రాయు షెడ్లును లేకపోలేదు.

డీజిలును చిమ్ము నాజిళ్ల విషయము మఱింత సున్నితము. మన కారు చక్రములో గాలి ఒత్తిడి సుమారు 2.2 బార్లు. నేటి కామన్‌రైలు డీజిలు ఇంజనులో నాజిలు వెనుకనుండు ఒత్తిడి 1,600 బార్లును, అంతకు మించియు నుండును. అంత ఒత్తిడిలో ఒక నీటిబొట్టు, ఒక ధూళికణము చేయు చెఱుపు ఎంతయో ఊహించుకొనవచ్చును. పల్లెలలో డ్రమ్ములనుండి డీజిలు పోసి నడిపిన బండ్లకు ఈ చెఱుపు తఱచు. నిలిచియున్న బండి ఇంజను లయ తప్పి కొట్టుకొనుట, టకటకమను శబ్దము, స్టార్టు ఆలస్యమగుట, ఇవి గుర్తులు. నాజిలు నుండి వెనుకకు మరలు డీజిలును చిన్న సీసాలలో పట్టి పోల్చి చూచు పరీక్ష కలదు; డీజిలు పంపు మేస్త్రీలు దానిని గంటలో చేయగలరు. కొత్త నాజిలు ఒక్కొక్కటి పదివేలకు మించి యుండును. నాలుగు సిలిండర్లకు నాలుగు. లెక్క మీరే వేసికొనుడు.

2020కి తరువాతి డీజిలు బండ్లలో పొగగొట్టమున మసిని పట్టియుంచు జల్లెడ యొకటి కలదు. దానిని డీపీఎఫ్ అందురు. పట్టిన మసిని అదియే అప్పుడప్పుడు కాల్చివేసికొనవలెను. అందులకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. అట్టి వేడి పెద్దరోడ్డుపై ఇరువది ముప్పది నిమిషములు నిలుకడగా నడచినప్పుడే సులభముగా కలుగును. పిల్లలను బడికి దింపి, కూరలు కొని, మూడు కిలోమీటర్లు తిరిగి యింటికి చేరు బండికి ఆ అవకాశము దొరకదు. మసి నిండును, దీపము వెలుగును. కాల్చు ప్రయత్నము సగములో ఆగిన ప్రతిసారియు కొంత డీజిలు ఇంజను ఆయిలులోనికి దిగును. ఆయిలు కొలత తగ్గుటకు బదులు పెరుగుచున్న బండిని చూచి మురియవలదు. మీ ప్రయాణములన్నియు ఊరిలోనివే యైనచో డీజిలు బండి మీకు తగినది కాదని మా నిశ్చితాభిప్రాయము. అది ఎంత చౌకగా వచ్చినను సరే. పాత పెట్రోలు బండి కొనువారు మాత్రము, 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలునకు అది తగునో తగదో కంపెనీ పుస్తకములో చూచుకొనవలెను.

క్లచ్చును పరీక్షించుట తేలిక. మూడవ గేరులో నెమ్మదిగా పోవుచు ఒక్కసారి ఆక్సిలరేటరు త్రొక్కుడు. ఇంజను అఱచినంతగా బండి ముందుకు ఉఱకనిచో ప్లేటు అరిగినదన్నమాట. ఇదివఱకటి జీపులకు క్లచ్ ప్లేటు మార్చుట చిన్నపని. నేటి పెద్దబండ్లలో అనేకమునకు ఫ్లైవీలే రెండు పలకలుగా నుండి, నడుమ స్ప్రింగులతో అదురును మ్రింగును. ప్రయాణము సుఖముగా నుండును గాని, స్ప్రింగులు సడలినచో ఆ ఫ్లైవీలునంతటిని మార్చవలెను. ఇంజను ఆపినప్పుడు బండి గడగడ వణకి ఆగుట, క్లచ్చు త్రొక్కినచో మాయమై విడిచినచో వచ్చు చప్పుడు, ఇవి దాని గుర్తులు. క్లచ్చును ఫ్లైవీలును కలిసి ముప్పది వేల నుండి డెబ్బది వేల వఱకు కాగలవు. గేరుబాక్సు దింపకుండ ఈ పని జరుగదు గనుక, కూలిని రెండుమార్లు ఇచ్చుకొనుటకన్న రెంటిని ఒక్కసారియే చూపించుకొనుట లాభము.

క్లచ్ పెడలు లేని ఆటోమాటిక్కు బండ్లను గూర్చి చెప్పుటకు ముందు, ఏలూరు చెంత నొక గ్రామమునుండి ఒక ఉపాధ్యాయులు మాకు వ్రాసిన జాబును ప్రస్తావింపవలెను. ఆయన ఏడేండ్ల ఆటోమాటిక్కు పెద్దబండిని 7 లక్షలకు కొనిరి. మోకాళ్లనొప్పితో బాధపడు తల్లిగారిని తఱచు పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండుటయే కొనుటకు కారణము. నాలుగు నెలలు గడచిన పిమ్మట ఒక మధ్యాహ్నము, ఇంజను బాగుగా వేడెక్కియుండగా, గేరు వేసినను బండి కదలలేదు. అరగంట చల్లారినంతనే కదలినది. మొదట చూపిన చోట గేరుబాక్సు మొత్తము మార్చవలెనని 1,80,000 రూపాయలకు అంచనా వ్రాసియిచ్చిరి. ఇంచుమించు అంతయే సొమ్ము తల్లిగారి మోకాలి ఆపరేషనుకై బ్యాంకులో నుండెను. "అయ్యా, ఏది ముందు? నేను కొనునప్పుడు ఇది తెలిసికొనుటకు దారి యుండెనా?" అని ఆయన ప్రశ్న.

రెండవ ప్రశ్నకు ముందు సమాధానము. దారి యుండెను, పూర్తిగా కాదు గాని చాలవఱకు. ఆయన బండిని కొనునప్పుడు పది నిమిషములు నడిపి చూచిరట. ఆటోమాటిక్కు గేరుబాక్సునకు అది చాలదు. నలువది నిమిషములైనను, అందు సగము రద్దీలో, ఏదేని ఫ్లైవోవరు చడావుపైన ఆగి కదలుచు నడిపి, లోపలి నూనె పూర్తిగా వేడెక్కిన తరువాత గేర్లు మాఱు తీరును చూడవలెను. రివర్సునుండి ముందుకు, ముందునుండి రివర్సునకు మార్చినప్పుడు దెబ్బకొట్టినట్లు కుదిపినను, కొంత తడవు ఆలోచించి కదలినను సందేహింపవలెను. లోపలి నూనె తీసి చూచినచో మాడిన వాసన వచ్చుచుండెనని తరువాత తేలినది. ఇక మొదటి ప్రశ్న. ఆయన మఱొక చోట, గేరుబాక్సులే బాగుచేయు మేస్త్రీకి చూపించిరి. చెడినది గేరుబాక్సు కాదు, అందు నూనెను త్రోవలు మార్చి పంపు వాల్వుల దిమ్మె. దానిని, నూనెను మార్చుటకు 62,000 అయినది. ఆపరేషను మూడు నెలలు వెనుకబడినది గాని ఆగిపోలేదు. తల్లిగారు ఇప్పుడు చేతికఱ్ఱతో వీధి చివఱి గుడివఱకు నడచుచున్నారని రెండవ జాబున వ్రాసిరి.

ఆటోమాటిక్కు లన్నియు ఒక్కటి కావు. ఏఎంటీ యనునది మామూలు గేరుబాక్సే. క్లచ్చు త్రొక్కు పనిని మన కాలికి బదులు ఒక చిన్న యంత్రము చేయును. బాగుచేయుటయు అన్నిటికన్న చౌక. టార్కు కన్వర్టరు జాతిది పాతది, గట్టిది. నూనె మార్చినంతకాలము నమ్మకముగా నడచును. "ఈ నూనె జీవితాంతము మార్చనక్కఱలేదు" అని కొన్ని పుస్తకములలో నుండును. ఎవరి జీవితాంతమో అందు వ్రాయలేదు! రెండు క్లచ్చులుగల జాతిలో, ముఖ్యముగా పొడి క్లచ్చులున్న వాటిలో, నగరపు రద్దీ వేడికి వణకు పుట్టుట కద్దు. సీవీటీలో పండ్లచక్రములకు బదులు ఇనుప బెల్టు ఒకటి పనిచేయును. అది జాఱుట మొదలిడినచో మొత్తము మార్చుటకే సిద్ధపడవలసియుండును. ఈ మూడింటిలో దేనినైనను మొత్తముగా మార్చినచో లక్షకు పైమాటయే, కొన్ని బండ్లకు మూడు లక్షలును. కావున ఆటోమాటిక్కు పాతబండికి గేరుబాక్సు నూనె మార్చిన బిల్లు, ఇంజను ఆయిలు బిల్లుకన్న ముఖ్యము.

గేరుబాక్సు దాటిన పిదప త్రోవ సులువైనది. వెనుక క్రౌను అరిగినచో ఒక నిర్ణీత వేగమున ఊళపెట్టినట్లు శబ్దించును. ప్రొపెల్లరు షాఫ్టు చివఱనుండు క్రాసులు పోయినచో గేరు వేసి కదలించునప్పుడు "టంగు"మనును. అవి చౌక, వందలలోను ఒకటి రెండు వేలలోను పోవును. ముందు చక్రములు లాగు బండిని స్టీరింగు పూర్తిగా త్రిప్పి గుండ్రముగా నడిపినప్పుడు టకటకమన్నచో ఇరుసు జాయింటు అరిగినది. నాలుగు చక్రముల లాగుడు బండ్లలో మాత్రము ఒక విచిత్రము కలదు. అవసరమైనప్పుడు లీవరుతో కలుపుకొను జాతి బండిని పొడి తారురోడ్డుపై నాలుగు చక్రములు కలిపి నడిపినచో, మలుపులలో ముందు వెనుక చక్రములు వేఱువేఱు దూరములు తిరుగవలసియుండియు తిరుగలేక, ఆ పెనుగులాట అంతయు లోపలి పండ్లపై పడును. లీవరు కలుపుటకు, విడుచుటకు మొరాయించు బండి అట్టి చేతిలో నలిగినదని తెలియుడు. అట్లే నాలుగు టైర్లును ఒకే అరుగుదలతో ఉన్నవా యని చూడవలెను. వేఱువేఱు అరుగుదల టైర్లు ఈ జాతి యంత్రములకు చెఱుపు.

వరదలో మునిగిన బండ్లను గూర్చి చెప్పక తప్పదు. 2020 అక్టోబరులో హైదరాబాదున, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇండ్ల ముందరి బండ్లు ఎన్నో నీట మునిగినవి. వానిలో కొన్ని బాగుపడి, కొన్ని పైపైన తుడువబడి, వేఱు ఊళ్ల అంగళ్లకు చేరుట సహజము. నీరు లోపలికి పోయిన ఇంజనును త్రిప్పినచో, నీరు గాలివలె అణగదు గనుక, కనెక్టింగు రాడ్డు వంగును. వంగిన రాడ్డుతోనే కొంతకాలము నడచి, ఒకనాడు ఇంజను దిమ్మెను చీల్చుకొని వెలుపలికి వచ్చుటయు కలదు. సీటు బెల్టును చివఱవఱకు లాగి చూడుడు. అంచున బురద గీత కనబడినచో ఇక బేరము మాట తలపెట్టవలదు. క్రౌనులోని నూనెను, గేరుబాక్సు నూనెను చుక్క తీసి చూడుడు. అది తెల్లబారియున్నచో నీరు అచ్చటికిని చేరినదన్నమాట. మునిగిన బండి అమ్ముట నేరము కాదు, చెప్పి అమ్మినచో. చెప్పక అమ్మినవాడు ఆ యింటి పిల్లలను ఘాటు రోడ్డుమీద ఎక్కడనో నిలువబెట్టుచున్నాడు.

ఖర్చుల లెక్క ఎట్లు కట్టవలెనో ఒక ఉదాహరణము చూతము. బండికి 6,50,000 అడుగుచున్నారు. పరీక్షలో క్లచ్చు వణకుచున్నది, 45,000 అనుకొందము. బెల్టు గడువు దాటినది, 15,000. నాజిళ్లు అనుమానము, శుభ్రపఱచినచో చాలునేని 20,000, మార్చవలసినచో 60,000. అన్ని నూనెలు, ఫిల్టర్లు 12,000. మొత్తము 92,000 నుండి 1,32,000 వఱకు. ఈ కాగితమును అమ్మువాని ముందు పెట్టి మాటలాడుడు. ఆయన అంతయు తగ్గింపడు. సగము తగ్గించినను మీకు న్యాయము జరిగినట్లే. కాగితము లేకుండ "ఏదో కొంచెము చూడండి" అన్నచో ఐదువేలు తగ్గించి టీ త్రాగించి పంపును. ఏ దోషమును కనబడకున్నను, కొన్న వెలలో ఏడవవంతు మొదటి యేడాది మరమ్మతులకు విడిగా దాచనిచో పెద్దబండి కొనరాదని మా మతము. 6,50,000కు ఏడవవంతు తొంబదిమూడు వేలు. అంత సొమ్ము చేత మిగులనిచో ఒక మెట్టు చిన్నబండిని చూచుకొనుట గౌరవలోపమేమియు కాదు.

విడిభాగములలోను తరగతులున్నవి. కంపెనీ పెట్టెలో వచ్చునది, అదే తయారీదారు తన పేరుతో తక్కువ వెలకు అమ్మునది, అంగడి సరకు, పాతసామానులోనిది. రెండవదియే సంసారికి మేలైనదని మేము తలచెదము. క్లచ్చు, బెల్టు, నాజిళ్ల విషయమున అంగడి సరకునకు పోరాదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఒక్కొక్క వీథి ఒక్కొక్క పనికి పెట్టినది పేరు. అచ్చట కూలి కంపెనీ వర్కుషాపులోకన్న చాల తక్కువ, చేతిపనియు గట్టిది. అయితే విప్పిన పాతభాగములను మీకు చూపించి మీచేతికి ఇమ్మని ముందుగనే ఒప్పందము చేసికొనుడు. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగములన్నిటిపైనను జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు అనేక భాగములపై 28 శాతముండెను. పాత అంచనా కాగితము చూపువారిని ఈ సంగతి యడుగుడు.

పరీక్షకు మేస్త్రీని మీరే తీసికొనిపొండు. అమ్మువాడు పిలిచిన మేస్త్రీ ఎంత యోగ్యుడైనను అమ్మువాని మనిషియే. వేయి రెండు వేల రూపాయలు, రాకపోకల ఖర్చు ఇచ్చినచో తెలిసిన మేస్త్రీ సగము దినము వచ్చును. అతని చేత స్కానరు కూడ నుండవలెను. స్కానరు పెట్టినప్పుడు తప్పుల పట్టికలో ఏమియు లేకుండుట ఒక్కొక్కప్పుడు శుభసూచకము కాదు. ఆ ఉదయముననే చెఱిపివేసియుండవచ్చును. నలువది నిమిషముల ప్రయాణమునకు ముందొకసారి, పిదప ఒకసారి పెట్టి చూచినచో నిజము బయటపడును. మీటరులోని కిలోమీటర్లను త్రిప్పువారును కలరు గనుక, సర్వీసు బిల్లులలోని అంకెలు ఏడాదికేడాది వరుసగా పెరిగినవో లేదో సరిచూడుడు. పెడళ్ల రబ్బరు, స్టీరింగు చర్మము కూడ కిలోమీటర్లకు సాక్ష్యము చెప్పును.

కొన్న వారములోనే, మునుపటివారు ఎప్పుడు మార్చిరన్న మాటను లెక్కపెట్టక, ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, క్రౌను ఆయిలు, కూలెంటు, ఫిల్టర్లు అన్నియు మార్చి, తేదీని కిలోమీటర్లను ఒక నోటుబుక్కులో వ్రాసికొనుడు. రేపు మీరు అమ్మునప్పుడు ఆ పుస్తకమునకు వెల యుండును.

చివరగా కాగితములు. బండి బదిలీకి 29, 30 నంబరు ఫారములు. అప్పుపై కొన్న బండియైనచో తనఖా తొలగించుటకు 35. పొరుగు రాష్ట్రమునుండి వచ్చినదైనచో 28. ఇవి యందఱును చూచుదురు. ఎక్కువమంది చూడనిది ఇంజను నంబరు. పాత ఇంజను పోయి వేఱొక బండి ఇంజను ఎక్కించిన పెద్దబండ్లు అంగడిలో కలవు. ఆర్‌సీ పుస్తకములోని నంబరును ఇంజను దిమ్మెపై చెక్కిన నంబరును అక్షరమక్షరము పోల్చవలెను. పోవునప్పుడు టార్చిలైటును, ఒక పాతగుడ్డను వెంట తీసికొనిపొండు. ఆ నంబరు తఱచుగా క్రిందివైపున, మసిపట్టియుండును.